తెలుపు ఎముక రంగు కాదు

ఇంటీరియర్ పేజీలు చూసేవాళ్ళకి ఈ ఫోటో పరిచయమే. తెల్లటి గోడ, దాని మీద ఇంకా తెల్లటి జింక పుర్రె, కొమ్ములతో సహా. కింద చిన్న చెక్క పలక. పక్కన కుండీలో ఏదో ఆకు మొక్క. దీన్ని యూరోపియన్ మౌంట్ అంటారు. చర్మం ఉండదు, గాజు కళ్ళుండవు, మెడ దాకా గడ్డి కూరి నిలబెట్టిన ఆ పాతకాలపు తల ఉండదు. ఉత్త ఎముక, ఉత్త కొమ్ము. మైసూరులో వాన్ ఇంగెన్ వాళ్ళు రాజుల కోసం, దొరల కోసం కోరలు చూపిస్తూ తయారుచేసిన పులి తలలంటే మొహం చిట్లించే మనవాళ్ళు కూడా దీన్ని చూసి 'బాగుందే' అంటారు. ఎందుకంటే ఇందులో నాటకం లేదట. చావుని చావులాగే చూపిస్తుందట. మినిమల్‌గా ఉందట, నిజాయితీగా ఉందట.

నా గొడవంతా ఆ నిజాయితీ అన్న మాటతోనే. గాజు కళ్ళ పులి అబద్ధమాడుతోందని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. తెల్లటి పుర్రె ఆడే అబద్ధం మాత్రం ఎవరికీ పట్టుబడదు, ఎముక తెల్లగానే ఉంటుందని మనందరం నమ్మేశాం కాబట్టి.

ఎముక తెల్లగా ఉండదు. ఆదివారం తెచ్చుకున్న మటన్‌లో మూలగ బొక్క చూడండి. గులాబీ, పసుపు, అక్కడక్కడా బూడిద రంగు. మూలగ తీసి ఎండబెట్టినా అది తేనె రంగుకి తిరుగుతుందే తప్ప తెల్లబడదు. ఆ పసుపు కొవ్వుది. ఎముక నిండా సన్నటి గుల్లలు, వాటి నిండా నూనె. గోడ మీది తెలుపు రావాలంటే ఆ నూనెని అక్కణ్ణించి బయటికి రప్పించాలి. అదెంత పనో కొంచెం వివరంగానే చెబుతాను, ఓపిక పట్టండి.

ముందు తోలు వలవాలి. కళ్ళు, నాలుక, దవడ కండలు కోసి తీసేయాలి. తర్వాత మెదడు. వెనక వెన్నుపాము దిగే రంధ్రంలోంచి వంచిన తీగ పెట్టి చిలికి, నీళ్ళ పైపు పెట్టి కొడితే గంజిలాగా బయటికొస్తుంది. తర్వాత చన్నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి, నీళ్ళు మారుస్తూ నెత్తురు లాగేయాలి. మిగిలిన మాంసం వదిలించడానికి మూడు దారులున్నాయి. మొదటిది ఉడకబెట్టడం. బట్టల సోడానో గిన్నెల సబ్బో వేసి సన్నటి సెగ మీద ఉంచాలి. తెర్లనిస్తే కొవ్వు ఎముక లోపలికి ఇంకిపోతుంది, ముక్కు లోపలి కాగితం లాంటి ఎముకలు విరిగిపోతాయి, పళ్ళు ఊడతాయి, లేత జంతువైతే పుర్రె అతుకుల దగ్గర విడిపోతుంది. రెండోది, గోరువెచ్చటి నీళ్ళలో వదిలేసి కుళ్ళబెట్టడం. మాంసాన్ని బాక్టీరియా తింటుంది, ఎముకకి దెబ్బ తగలదు. కానీ ఆ వాసన ఒకసారి బట్టలకి పట్టిందంటే ఉతికితే పోదు. మూడోది పురుగులు. డెర్మెస్టిడ్ జాతి పురుగుల పిల్లలు ఎండిన మాంసాన్ని నార నారగా తినేస్తాయి, ఎముక జోలికి రావు. పెద్ద పెద్ద మ్యూజియాలు వీటిని ప్రత్యేకంగా గదుల్లో పెంచుతాయి. అన్నిట్లోకీ మర్యాదగా పనిచేసేవి ఇవే.

ఇంతా అయ్యాక కూడా ఎముక తెల్లగా లేదు! ఇప్పుడు కొవ్వు లాగడం మొదలవుతుంది. వెచ్చటి సబ్బు నీళ్ళలో వారాలు. పైకి తేలిన నూనె పారబోయడం, నీళ్ళు మార్చడం, మళ్ళీ పారబోయడం. పంది, ఎలుగుబంటి పుర్రెలైతే నెలలు. ఓపిక లేక మధ్యలో ఆపినవాడి పుర్రె కొన్నాళ్ళు తెల్లగా మెరిసి తర్వాత మరకలు మరకలుగా పసుపు కక్కుతుంది. ఆ తర్వాతే హైడ్రోజన్ పెరాక్సైడ్. మందుల షాపులో దొరికే 3 శాతందో, సెలూన్లలో జుట్టు రంగు వదలగొట్టడానికి వాడే 12 శాతం క్రీమో. పుర్రెకి పూసి, ప్లాస్టిక్ చుట్టి వదిలేస్తారు. తొందరపడి బ్లీచింగ్ పౌడర్ వాడితే అది రంగుతో పాటు ఎముకలోని ప్రోటీన్‌నీ తినేస్తుంది. కొన్నేళ్ళకి పుర్రె సుద్దలాగా రాలుతుంది.

ఇక్కడో సంగతి ఉంది, అదంటే నాకు భలే ఇష్టం. పెరాక్సైడ్ కొమ్ములకి తగలకూడదు. తగిలితే వాటి గోధుమ రంగు పోతుంది. ఆ రంగు ఆ జంతువు సంపాదించుకున్నది. కొమ్ము మీది నూగు చర్మం ఎండి రాలే రోజుల్లో చెట్లకి రాసి రాసి, తన నెత్తురూ చెట్టు బెరడు రసమూ కలిసి పట్టిన రంగు. అందుకని కొమ్ములకి టేపు చుట్టి కాపాడతారు. పొరపాటున తెల్లబడితే పొటాషియం పర్మాంగనేట్ నీళ్ళు పూసి మళ్ళీ గోధుమ రంగు తెప్పిస్తారు. అంటే పుర్రెకి సహజంగా ఉన్న రంగు పోగొట్టాలి, కొమ్ముకి పోయిన రంగు తెచ్చి పూయాలి. దీన్ని నిజాయితీ అనేవాళ్ళతో ఏం మాట్లాడతాం?

అసలు ఎముకని ఎముకగా దాచుకోవాల్సిన అవసరం ఉన్నవాళ్ళు, అంటే పరిశోధన కోసం పుర్రెలు భద్రపరిచే మ్యూజియంవాళ్ళు, మామూలుగా వాటిని తెల్లబరచరు. పెరాక్సైడ్ ఎముకని బలహీనపరుస్తుందని వాళ్ళకి తెలుసు. వాళ్ళ అరల్లో పుర్రెలు పసుపుగా, గోధుమగా, ఒకదానికొకటి పోలిక లేకుండా ఉంటాయి. తెలుపు శాస్త్రానికి అక్కర్లేదు. అది కావలసింది గోడకి.

మరీ ఒకవైపు మాట్లాడకూడదు కాబట్టి యూరప్ గురించి ఒక మాట. జర్మనీలో ఈ పుర్రెలకి అలంకారం కాని పని కూడా ఉంది. వేటగాళ్ళు ఆ ఏడు కొట్టిన జంతువుల పుర్రెలు, కింది దవడలు తెచ్చి ఒకచోట వరసగా పెడతారు. హేగెషౌ అంటారు దాన్ని. పళ్ళ అరుగుదల చూసి వయసు అంచనా కడతారు. కొట్టదగ్గ జంతువునే కొట్టాడా, లేత దాన్ని కొట్టాడా అన్నది నలుగురి ముందూ తేలుతుంది. అక్కడ పుర్రె ఒక సాక్ష్యం. ఆ సాక్ష్యం కోటల గోడలెక్కాక ఏమైందో చూడాలంటే చెక్ దేశంలో కొనోపిష్టె కోటకి వెళ్ళాలి. ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ ఇల్లు అది. 1914లో సారయేవోలో ఇతన్ని కాల్చి చంపాకే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. అతని వేట పుస్తకాల్లో జీవితకాలపు లెక్క 2,74,889. ఇదే మనిషి 1893లో ప్రపంచ యాత్రలో భాగంగా హైదరాబాద్ కూడా వచ్చాడు, ఆరవ నిజాం అతిథిగా. ఇక్కడా వేటాడాడు. అంత కచ్చితంగా రాసుకున్న ఆ లెక్క చంపినవాడిది. మెదడు చిలికి తీసినవాళ్ళ లెక్క, సబ్బు నీళ్ళు మార్చినవాళ్ళ లెక్క వేట పుస్తకంలోకి రాదు.

నేను చెప్పదలుచుకున్నది ఈ రెండో లెక్క గురించే.

మన దగ్గర ఎవరూ జింకల్ని కొట్టి గోడకి తగిలించడం లేదు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది, మనకెందుకీ గొడవ అంటారా? మన దగ్గరికి పుర్రె రాలేదు కానీ తెలుపు వచ్చేసింది. రెజిన్‌తో పోతపోసిన పుర్రెలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, కేఫుల్లో వేలాడుతున్నాయి. టెక్సస్‌లో ఉన్న బంధువులు లాంగ్‌హార్న్ పుర్రె పక్కన నిలబడి దిగిన ఫోటోలు పంపిస్తారు. అందులో తప్పేం లేదు, అక్కడ స్టేక్ హోటల్ గోడ మీద అది మామూలు వస్తువు. కానీ అదే ఫోటోకి లైక్ కొట్టిన వేలు, వీధి చివర మేక తలకాయలు కాల్చే బండి కనిపిస్తే ముక్కు మీదికి పోతుంది. తలకాయ అదే. ఎముక అదే. ఒకదానికి బొచ్చు కాలిన వాసనుంది, నల్లటి మసి ఉంది, దాని వెనక ఒక మనిషి ఉన్నాడు. రెండోదానికి మనిషి లేడు.

ఈ దేశంలో చచ్చిన జంతువుని ముట్టుకోవడం ఎవరి పనిగా ఉండిందో మనకి తెలియంది కాదు. ఊళ్ళో గొడ్డు చస్తే మాదిగవాడకి కబురెళ్ళేది. ఈడ్చుకుపోవడం, తోలు తీయడం, ఊనడం, అన్నీ వాళ్ళే. ఆ తోలుతోనే ఊరి చెప్పులు, ఊరి డప్పు, ఊరి పొలాలు తడిపిన మోట తొండం. ఆ పని చేసినందుకే వాళ్ళని ఊరి బయట పెట్టారు, ఆ పని చేయనంటే కొట్టారు. ఓంప్రకాశ్ వాల్మీకి 'జూఠన్'లో చిన్నప్పుడు చచ్చిన ఎద్దు తోలు వలవాల్సి వచ్చిన సంగతి రాశాడు. చదివినవాళ్ళకి ఆ పేజీలు గుర్తుండే ఉంటాయి. అదేదో గడిచిపోయిన కాలం అనుకోవడానికి కూడా లేదు. 2016 జులైలో గుజరాత్ ఊనా దగ్గర మోటా సమఢియాళా ఊరి దళితులు చచ్చిన ఆవు తోలు తీస్తున్నారని పట్టుకెళ్ళి, కారుకి కట్టి, నడిబజారులో ఇనప రాడ్లతో కొట్టారు. కొట్టినవాళ్ళే వీడియో తీసి పెట్టారు. దానికి జవాబుగా సురేంద్రనగర్‌లో దళితులు చచ్చిన గొడ్లని బళ్ళ మీద తెచ్చి కలెక్టర్ ఆఫీసు ముందు పడేశారు. మీ గోమాతని మీరే చూసుకోండన్నారు. ఇంతకంటే పదునైన ఇన్‌స్టలేషన్ మన సమకాలీన కళలో ఇంకోటి ఉంటే చెప్పండి.

ప్రతిదానికీ కులం తెస్తారేంటి, గోడకి వేలాడే బొమ్మలో కూడానా అని ఎవరో ఒకరు అడుగుతారు. తెచ్చింది నేను కాదు. ఎముకా, తోలూ, నెత్తురూ మైల అని, వాటిని ముట్టే చేతులు మైల అని ఇన్ని వందల ఏళ్ళు చెప్పిన సమాజం, అదే ఎముకని డ్రాయింగ్ రూములోకి ఎలా రానిచ్చింది అని అడుగుతున్నానంతే. తెల్లబరిచి రానిచ్చింది. కొవ్వు తీసి, వాసన తీసి, ముట్టుకున్న చెయ్యిని కూడా తీసేసి రానిచ్చింది. రెజిన్ పుర్రె అయితే ఆ కష్టం కూడా లేదు. దానికి ఏనాడూ నెత్తురు లేదు. పుట్టుకతోనే శుద్ధి అయిపోయి వచ్చింది. ఎవరికీ హాని చేయని వస్తువే, ఒప్పుకుంటాను. దాన్ని కొన్నవాళ్ళని జైల్లో పెట్టమనడం లేదు. దాన్ని అభిరుచి అనుకోవద్దంటున్నాను, అదీ మటన్ కొట్టు ముందు ముక్కు మూసుకున్న రోజున.

వేటగాళ్ళ మీద నాకు ప్రేమేమీ లేదు. కానీ న్యాయంగా మాట్లాడాలి కదా. మాంసం ఫ్రీజర్‌లో పెట్టుకుని, తల తీసుకెళ్ళి షెడ్డులో తనే మెదడు చిలికి, తనే నెలరోజులు జిడ్డు నీళ్ళు పారబోసే వేటగాడు ఒకడుంటాడు. ఉంటారు, చాలామందే. వాడికి తన గోడ మీద ఉన్నదేంటో తెలుసు. ఆ తెలుపు ఎంత కంపులోంచి వచ్చిందో వాడి గోళ్ళకి తెలుసు. ఇక డబ్బిచ్చి ఎవరిచేతో చేయించుకుని 'నా ట్రోఫీ' అనేవాడు కొనోపిష్టె యువరాజుకి చిన్న తమ్ముడు.

జార్జియా ఓకీఫ్ పేరు కూడా ఈ చర్చలో వస్తుంది. 1930లో ఆమె న్యూ మెక్సికో ఎడారిలో ఏరిన ఎముకల్ని పీపాలో పెట్టి న్యూయార్క్ పంపించుకుంది, మరుసటి ఏడాది ఆవు పుర్రెని ఎరుపు, తెలుపు, నీలం మధ్య నిలబెట్టి బొమ్మ గీసింది. ఈ ఫ్యాషన్‌కంతటికీ అమ్మమ్మ ఆమే అంటారు. ఆ బొమ్మని ఒకసారి సరిగ్గా చూడండి. పుర్రె పగిలి ఉంది, అంచులు చిరిగి ఉన్నాయి, తెలుపులో బూడిద ఉంది, గోధుమ ఉంది. దాన్ని ఎండ తెల్లబరిచింది, సంవత్సరాల తరబడి. ఆమె దాన్ని చంపలేదు, కడగలేదు, గెలవలేదు. దొరికింది, చూసింది. గోడకి తగిలించే పుర్రెకీ దానికీ చుట్టరికం కలపడం ఓకీఫ్‌కి అన్యాయం.

మరి ఏం చేయమంటావ్, గోడలు ఖాళీగా పెట్టుకోమంటావా అంటే, తగిలించుకోండి, మీ ఇల్లు. ఎముకే కావాలనుకుంటే పురుగులు శుభ్రం చేసినదాన్ని, పెరాక్సైడ్ తగలనిదాన్ని, పసుపు పసుపుగానే పెట్టుకోండి. తలకాయ కూర తిన్న రోజున ఆ పుర్రెని పారేయకుండా ఒక్కసారి మీ చేతుల్తో నీళ్ళలో నానబెట్టండి. మూడో రోజు మూత తీయండి. ఆ నీళ్ళు ఎక్కడ పారబోయాలో, అపార్ట్‌మెంట్‌లో ఏ పనిమనిషిని పిలిచి ఆ బకెట్ తీయమంటారో అప్పుడు ఆలోచిద్దురు గాని.