తప్పొప్పుల పట్టిక

మన పాత పుస్తకాల చివర తప్పొప్పుల పట్టిక అని ఒకటి వుండేది. ఫలానా పుటలో, ఫలానా పంక్తిలో, ఈ మాటకు బదులు ఆ మాట చదువుకోవలసిందని పాఠకులను ప్రార్థించే కాగితం అది. దాన్ని దగ్గర పెట్టుకుని పుస్తకమంతా దిద్దుకున్న పుణ్యాత్ములు తక్కువే. అయినా ఆ కాగితం వున్న పుస్తకమంటే నాకు గౌరవం. అచ్చయిన తరవాత కూడా దాన్ని మళ్లీ చదివి చూసినవాడు ఒకడున్నాడని అది చెబుతుంది.

ఎన్నటికీ ముగియని తప్పొప్పుల పట్టికలు కూడా లోకంలో కొన్ని వున్నాయి. అవి కంప్యూటరు ప్రోగ్రాములవి. కొందరు జీతం బత్తెం లేకుండా ప్రోగ్రాములు రాసి, రాసిన మూలంతో సహా పదిమందికీ ధారపోస్తూ వుంటారు. వాటిని ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడవచ్చు, దిద్దవచ్చు. 1991లో హెల్సింకిలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రవాడు మొదలుపెట్టిన లైనక్సు ఈ జాతిదే. మీ చేతిలోది ఆండ్రాయిడు ఫోను అయితే దాని అడుగున వున్నది అదే. లైనక్సు మీద ఇప్పుడు పెద్ద కంపెనీల జీతగాళ్లు కూడా పనిచేస్తున్నారు గాని, దాని చుట్టూ అల్లుకున్న చిన్న ప్రోగ్రాములను ఎన్నిటినో ఇప్పటికీ ఒకరో ఇద్దరో తీరిక వేళల్లో చూసుకుంటున్నారు.

ఈ వ్యవహారంలో రెండు మాటలు తెలిస్తే చాలు. ప్రోగ్రాములో దొర్లిన తప్పు "బగ్" - అంటే పురుగు. దాన్ని సరిచేస్తూ ఎవరైనా రాసి పంపేది "ప్యాచ్" - అంటే చిరిగిన పంచెకు వేసే మాసిక. పురుగును చూపేవారూ, మాసిక పంపేవారూ ఏ దేశంవారైనా కావచ్చు. వాటన్నిటినీ అందుకుని, పరీక్షించి, పనికొచ్చేది చేర్చి, పనికిరానిది తిప్పి పంపే మనిషి ఒకడుంటాడు. మా తెలుగు పంతుళ్ల భాషలో అతడే పరిష్కర్త. పది తాళపత్ర ప్రతులు ముందు వేసుకుని, ఏ పాఠం నిలపాలో ఏది పాఠాంతరంగా కింద చూపాలో తేల్చే పండితుడి పని అతనిది. కాకపోతే ఆ పండితుణ్ణి పాపం ఎవరూ తొందరపెట్టేవారు కారు. ఇతన్ని మాత్రం రోజూ ఎవరో ఒకరు తొందరపెడుతూనే వుంటారు.

ఆ ఉత్తరాలు ఎలా వుంటాయంటే - "మీ ప్రోగ్రాము తెలుగును ఖూనీ చేస్తున్నది. వెంటనే బాగుచేయండి." ఇంతే! డాక్టరు దగ్గరకు వెళ్లి "ఒంట్లో బాగాలేదు" అని వూరుకున్నా, ఆయన నాడి చూస్తాడు, నాలుక చూస్తాడు. పరిష్కర్తకు రోగి కనిపించడు కదా! కాకినాడలో మీ తెర మీద ఏం జరిగిందో ఎక్కడో చలిదేశంలో కూర్చున్నవాడికి ఎలా తెలుస్తుంది? అదే, "ఫలానా ప్రోగ్రాము, ఫలానా కూర్పు. 'లక్ష్మి' అని టైపు చేశాను. మ వత్తు కింద పడకుండా విడిగా పక్కన పడింది. వెనకటి కూర్పులో సరిగానే వచ్చేది" అని రాశారనుకోండి. ఆయన తన గదిలో కూర్చునే ఆ తప్పును మళ్లీ జరిపించి చూడగలడు. అలా చూడగలిగితే సగం దిద్దినట్లే. అదే తప్పును ఇంతకుముందే ఎవరైనా రాశారేమో చూసుకుని మరీ రాస్తే ఇంకా పుణ్యం.

ఇలా తప్పు చూపినవారికి మర్యాద కూడా వుంది. లైనక్సులో దిద్దుబాటు రాసినవారి పేరుతోపాటు, దాన్ని పరిశీలించినవారి పేరూ, తప్పును మొదట చూపినవారి పేరూ రాసిపెట్టే ఆచారం వుంది. డొనాల్డ్ క్నూత్ అనే అమెరికను పండితుడు తన పుస్తకాలలో తప్పు చూపినవారికి 2 డాలర్ల 56 సెంట్లకు చెక్కు రాసి పంపేవాడు. చాలామంది దాన్ని బ్యాంకులో మార్చుకోకుండా పటం కట్టించుకున్నారు.

ఇక మాసిక సంగతి. ధర్మానికిచ్చిన ఆవు పళ్లు లెక్కపెట్టకూడదంటారు. ఇక్కడ మాత్రం లెక్కపెట్టి తీరాలి. మాసిక పంపినవాడు పంపి తన దారిన పోతాడు. దాన్ని ఒకసారి చేర్చుకున్న తరవాత, అది ఎక్కడ పిగిలినా జవాబు చెప్పుకోవలసినవాడు పరిష్కర్తే. అందుకే ఆలస్యం. ఆ ఆలస్యానికి తిట్లు.

మా ఎదురింటి పిన్నిగారి అబ్బాయి ఇలాంటి ప్రోగ్రామొకటి చూసుకుంటున్నాడు. ఆవిడ ఒకరోజు అడిగింది: "రాత్రి పన్నెండింటిదాకా ఎవరెవరి తప్పులో దిద్దుతూ కూర్చుంటాడు మావాడు. వాళ్లేమిస్తారు నాయనా?"

"ఏమీ ఇవ్వరండీ."

"మరి మాటలెందుకు పడాలీ?"

పిన్నిగారి ప్రశ్న చిన్నది కాదు. దాని వెనక ఎంత వుందో 2024లో లోకానికి తెలిసివచ్చింది.

ఫైళ్లను కుదించి చిన్నవి చేసే ఎక్స్‌జెడ్ అనే ప్రోగ్రామొకటుంది. లాసే కోలిన్ అనే ఆయన దాన్ని ఏళ్ల తరబడి దాదాపు ఒంటరిగా చూసుకున్నాడు. 2021 చివర జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి, ఓపికగా మంచి మాసికలు పంపసాగారు. 2022లో మరికొన్ని పేర్లతో ఫిర్యాదులు మొదలయ్యాయి - పని నత్తనడక నడుస్తున్నదనీ, బాధ్యత వేరొకరికి అప్పగించమనీ. తన మానసిక ఆరోగ్యం బాగుండటం లేదనీ, ఇది జీతంలేని పని అనీ ఆయన చెప్పుకున్నాడు. కడకు, సాయపడుతున్న మనిషికే తాళాలు అప్పగించాడు. 2023 నాటికి కొత్త కూర్పులు విడుదల చేసే అధికారం జియా టాన్‌కు దక్కింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన కూర్పులో దొంగదారి ఒకటి దాగి వుంది. రహస్యపు తాళంచెవి వున్నవాడు దాని గుండా పరాయి సర్వర్లలో చొరబడవచ్చు. ఆ ఫిర్యాదులు కూడా కుట్రలో భాగమేనని తరవాత పరిశీలించినవారి అనుమానం.

దాన్ని పట్టుకున్నది పోలీసులు కారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు వేరే పని చేసుకుంటూ, కంప్యూటరులో ప్రవేశించడానికి అర సెకను ఎక్కువ పడుతున్నదని గమనించాడు. అర సెకనే కదా అని వదిలేయలేదు. ఎందుకా అని తవ్వుకుంటూ పోయి, తాను ఏం చూశాడో, ఎలా చూశాడో, ఎంత కాలం పట్టిందో అంకెలతో సహా 2024 మార్చి 29న బయటపెట్టాడు. ఆ కూర్పు అప్పటికి చాలావరకు పరీక్షల కోసం వుంచిన వ్యవస్థలలోకే చేరింది. గబగబా వెనక్కి తీసుకున్నారు. పెద్ద ఉపద్రవం తప్పింది.

దొంగ లోపలికి రావడానికి తోడ్పడినవి వివరం లేని విసుర్లు. దొంగను పట్టించింది వివరంగా రాసిన ఒక్క ఉత్తరం. అలసిపోయిన ఆ పరిష్కర్తకు, తొందరపెట్టేవారికి బదులు ఇద్దరు నమ్మకమైన తోడు మనుషులు దొరికివుంటే, అపరిచితుడికి తాళాలు ఇవ్వవలసిన గతి పట్టేది కాదేమో!

అందుచేత, ఉచితంగా వచ్చిన ప్రోగ్రాము ఎప్పుడైనా మొరాయిస్తే, తిట్టేముందు నాలుగు వివరాలు రాసి పంపండి. వాడుక తెలియనివారికి చెప్పిపెట్టడం, తర్జుమా చేయడం - ఇవీ మాసికలే.

ఈ వ్యాసంలోనూ తప్పులుండవచ్చు. ఏ పేరాలో, ఏ పంక్తిలో, ఏ మాటో చెప్పి రాయండి, తప్పక దిద్దుకుంటాను. "మీ వ్యాసం బాగాలేదు" అని మాత్రం రాయకండి. దానికి నేను వేయగల మాసిక లేదు.