పొలం పనుండగా నడకెందుకంటారా?

"మాకెందుకండీ వ్యాయామం? పొద్దస్తమానం పొలంలోనే గదా ఉండేది" అని మీరనొచ్చు. నాగలి పట్టి, మోట తోలి, కొడవలితో కోసిన రోజుల్లో ఆ మాటకు తిరుగులేదు. ఇప్పుడు మీ ఏడాది పని ఒకసారి లెక్కేసుకోండి. దుక్కి ట్రాక్టరుది, కోత మిషనుది. నీళ్లకు మోటారు స్విచ్చి. చేనికి పోను మోటారు సైకిలు. నాట్లు, కలుపు మిగిలాయంటే అవి ఆడవాళ్ల వంతు. పంట ఇంటికొచ్చాక రెండు మూడు నెలలు రచ్చబండ మీదే గడుస్తాయి. తిండి మాత్రం నాగలి నాటిదే.

షుగరు పట్నం జబ్బు అన్నమాట ఇక చెల్లదు. ఐసీఎంఆర్ సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరుంది. పల్లెల్లోనే పెద్దవాళ్లలో నూటికి దాదాపు 9 మంది. రెండెకరాల రైతుకు నెలనెలా మాత్రలంటే ఎరువు కట్టలో కోతే.

వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు వేడెక్కే శ్రమ కావాలంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. పొలం పని, ఇంటి పని కూడా ఆ లెక్కలోకే వస్తాయి. అందుకే రోజంతా వంగి నాట్లేసే కూలి మనిషిని పట్టుకుని "నడవమ్మా" అంటే హేళన చేసినట్టే. ఆమెకు కావలసింది కడుపునిండా తిండి, కాస్త విశ్రాంతి. పని తగ్గినవాళ్లకే ఈ మాట.

కేంద్రం 2019 ఆగస్టు 29న ఫిట్ ఇండియా ఉద్యమం ప్రారంభించింది. మంచిదే. కానీ పార్కులు, జిమ్ములు పట్నానికే గదా! కొలంబియా కూడా మనలాగే వర్ధమాన దేశం. రాజధాని బొగోటాలో 1974లో మొదలుపెట్టి, ఆదివారాలు పెద్ద రోడ్లపై మోటారు బండ్లు ఆపి నడిచేవాళ్లకు, సైకిళ్లకు వదులుతున్నారు. కొత్తగా కట్టిందేమీ లేదు, ఉన్న రోడ్డునే వాడుకున్నారు.

మన ఊళ్లలో ఉన్నదేమిటి? హైస్కూలు ఆటస్థలం. సాయంత్రమైతే చాలా చోట్ల గేటుకు తాళం. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పక్కన మట్టిబాట పోయింది. తెల్లవారుజామున ఆ రోడ్డెక్కితే షుగరు సంగతేమో గాని లారీ భయం. ఇక ఆడవాళ్లు ఏ ధైర్యంతో నడుస్తారు? ప్రభుత్వం నిజంగా ప్రజారోగ్యం కోసమే చేస్తే ఈ బాటకు, రెండు వీధి దీపాలకు డబ్బివ్వాలి. గ్రామసభలో సీసీ రోడ్డు అడిగినట్టే ఇదీ అడగండి.

30 ఏళ్లు దాటినవాళ్లు సబ్ సెంటరులో బీపీ, షుగరు ఉచితంగా చూపించుకోండి, ఆశా కార్యకర్తను అడిగితే చెబుతుంది. మాత్రలు వాడేవాళ్లు నడుస్తున్నాం గదా అని వాటిని మానొద్దు. చేను అరమైలు దూరమే అయితే రేపు బండి ఇంటి దగ్గరే వదిలేయండి.