బయటోళ్ల మీద పడితే ఏమొస్తుంది?

గోదావరిఖనిలో ఈ మధ్య నలుగురు కూడిన చోట ఒకటే మాట: ‘బయటోళ్లొచ్చి ఊరిని ఆగం చేసిండ్రు.’ ఓపెన్‌కాస్టు బొగ్గు గనుల్లో మట్టి తీసే కాంట్రాక్టు కంపెనీల వెంట బీహార్, జార్ఖండ్ నుంచి వచ్చిన డ్రైవర్ల మీదే ఈ రుసరుస. గది కిరాయి పెరిగినా, రాత్రిపూట గొడవైనా వేలు వాళ్ల వైపే లేస్తోంది. ఇది అన్యాయం.

ఈ ఊళ్లో పాతకాపులెవరు? ఒకప్పుడు ఇక్కడున్నవి జనగామ, మేడిపల్లి, మల్కాపూర్ లాంటి వ్యవసాయ పల్లెలు. బొగ్గు బాయిలు తెరిచాక ఊరూరి నుంచి జనం వచ్చి తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపారు. 1978లో ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది, 1980లో ఎరువుల కర్మాగారం మొదలైంది. దేశం నలుమూలల నుంచి ఇంజినీర్లు టౌన్‌షిప్‌లలో దిగారు. వాళ్ల పిల్లలే ఈవేళ లోకల్. పొలం పోయిన మేడిపల్లి రైతును అడిగితే వీళ్లంతా బయటోళ్లే.

ఊరిని మార్చింది బయటోళ్లు కాదు, ఓపెన్‌కాస్టు. బ్లాస్టింగ్ జరిగితే గూట్లో గిన్నెలు గలగలమంటాయి. పగిలిన గోడలకు సిమెంటు పూసిన మచ్చలు, ఆరేసిన బట్టల మీద నల్లటి దుమ్ము. 1990ల మొదట్లో ఈ గనులు నడిపే సింగరేణి కంపెనీలో లక్షమందికి పైగా పనిచేస్తూ ఏడాదికి రెండు కోట్ల టన్నుల దాకా తీసేవారు. 2023–24లో కంపెనీ ఏడు కోట్ల టన్నులు తీసింది. పర్మనెంటు ఉద్యోగులు నలభై వేల చుట్టూ మిగిలారు. బొగ్గు పెరిగింది, కొలువు కరిగింది. భూగర్భ గనులు నష్టమంటూ మూసేస్తుంటే గట్టిగా అడ్డుకోని కార్మిక సంఘాలకూ ఇందులో వాటా ఉంది. 1999లో మూతపడిన ఎరువుల కర్మాగారం 2021లో కొత్త పేరుతో మొదలైనా, పాత కొలువులన్నీ తిరిగి రాలేదు.

ఇక జీతాల సంగతి. కేంద్ర ప్రభుత్వ సంస్థ కోల్ ఇండియాలో కాంట్రాక్టు కార్మికుల కూలి తేల్చడానికి వేసిన హైపవర్ కమిటీ వేతనాలు 2013లోనే ఖరారయ్యాయి. అవే కావాలని సింగరేణి కాంట్రాక్టు కార్మికులు 2022 సెప్టెంబరులో సమ్మెకు దిగారు. బీహారీ చవగ్గా దొరకబట్టే ఇక్కడివాడికి కూలి పెరగడం లేదంటారు. కానీ కూలి రేటు కట్టేది కాంట్రాక్టరు. టెండరు పిలిచేది సింగరేణి కంపెనీ. అందులో 51 శాతం వాటా రాష్ట్ర ప్రభుత్వానిది. మట్టి పనికి పిలిచే ప్రతి టెండరులోనూ హైపవర్ కమిటీ వేతనాన్ని షరతుగా పెట్టమని అడగాల్సింది ఆ ప్రభుత్వాన్నే. డంపర్ నడిపేవాడు గోదావరిఖని వాడైనా, బీహార్ వాడైనా అదే జీతం రావాలి.