ఆ ఒక్క ప్రశ్న అడగండి, డాక్టరుగారూ

మిర్చి కోతలు మొదలయ్యాయంటే గుంటూరు, పల్నాడు, ప్రకాశం పల్లెల్లో మగవాళ్లు దాచుకునే ఒక బాధకు మంచి సాకు దొరుకుతుంది. మూత్రానికి వెళ్తే మంట, అంగం చివర చర్మం మీద సన్నటి పగుళ్లు. ఇంట్లో ఆవిడ కనిపెట్టి అడిగితే, కాయ కోసిన చేతులతో పట్టుకున్నాను, అదే మంట అంటారు. కారం చెయ్యి అక్కడ తగిలితే ప్రాణం పోయినంత పనవుతుంది, అందులో అబద్ధం లేదు. ఆ కారం ఉత్త నీళ్లకు వదలదు. ముందు చేతులకు నూనె రాసుకుని, తర్వాత సబ్బుతో రుద్ది కడగాలి. అదీ మూత్రానికి వెళ్లొచ్చాక కాదు, వెళ్లబోయే ముందే. అయితే మిరప మంట గంటల్లో తగ్గుతుంది, మహా అయితే ఒకట్రెండు రోజులుంటుంది. కల్లంలో కాయ ఎండి, టిక్కీలు యార్డుకు చేరి, డబ్బు చేతికొచ్చాక కూడా మంట అలాగే ఉందంటే అది మిరపకాయ తప్పు కాదు.

నడివయసు దాటినవాళ్లలో దీని వెనక తరచూ ఉండేది షుగరు. రక్తంలో చక్కెర హద్దు దాటితే మూత్రంలోకి దిగుతుంది. మూత్రం పోశాక అంగం ముందు చర్మం కింద నిలిచిపోయే ఆ రెండు మూడు తీపి చుక్కలు కాండిడా అనే ఫంగస్‌కు పండగ. చర్మం ఎర్రబడుతుంది, దురద పెడుతుంది, పెరుగు తరకల్లాంటి తెల్లటి పొర కడుతుంది. వెనక్కి లాగినప్పుడు చర్మం అంచు చిట్లుతుంది. చిట్లిన ప్రతిసారీ మానుతుంది, కానీ మానినచోట మచ్చ కట్టి గట్టిపడుతుంది. అలా మచ్చ మీద మచ్చ పడి, నిన్నటిదాకా సులువుగా వెనక్కి వచ్చిన చర్మం ఉంగరంలా బిగుసుకుంటుంది. వైద్యులు దీన్ని ఫైమోసిస్ అంటారు. తనకు షుగరుందని ఈ బాధతో ఆసుపత్రికి వెళ్లాకే తెలిసినవాళ్లు కూడా ఉంటారు.

దీనికి ఇటీవల ఇంకో కోణం కలిసింది. డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మందుకు మన దేశంలో తొలి పేటెంటు 2020 అక్టోబరులో ముగిసింది. ధర పడిపోయింది, చిన్న పట్టణాల చీటీల్లోకీ వచ్చేసింది. ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2025 మార్చిలో తీరింది. మంచి మందులే. గుండెకు, కిడ్నీలకు మేలు చేస్తాయని రుజువైంది. అయితే అవి పనిచేసే తీరే రక్తంలోని చక్కెరను మూత్రంలోకి పంపడం. కాబట్టి ముందు చర్మం కింద ఫంగస్ చేరే అవకాశం పెరుగుతుంది. ఈ మందుల వల్ల చాలా అరుదుగా మర్మాంగాల దగ్గర కండ కుళ్లిపోయే ప్రమాదం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది కూడా. మందు వాడుతున్నాయన రోజూ అక్కడ నీళ్లతో కడిగి తడి ఆరేలా తుడుచుకోవాలి, మంటగానీ వాపుగానీ వస్తే దాచకుండా చెప్పాలి. సొంతంగా మందు మానేయకూడదు. ఇంతే విషయం. చీటీ రాసే చేత్తో ఈ నాలుగు మాటలు చెప్పడానికి ఒక నిమిషం చాలదా?

చెప్పరు. షుగరు రోగికి కాళ్లు చూస్తారు, కళ్లు చూపించుకోమంటారు, కిడ్నీ పరీక్ష రాస్తారు. 'అక్కడ చర్మం వెనక్కి వస్తోందా?' అని మాత్రం అడగరు. ఆయన అడగడు, ఈయన చెప్పడు. చెప్పే వీలైనా ఉందా అంటే, మన ఊళ్లలో డాక్టరు గదిలో ఒక రోగి కుర్చీలో, ఇద్దరు బల్ల మీద, తలుపు దగ్గర ఇంకో నలుగురు. ఇంటింటికీ వచ్చి బీపీ, షుగరు చూసే ఆశా కార్యకర్త ఆడపిల్ల, ఏఎన్ఎం ఆడపిల్ల. వాళ్లు ఎంత ఓపిగ్గా పనిచేసినా, యాభై ఏళ్ల రైతు ఈ మాట వాళ్ల ముందు నోరు విప్పి చెప్పడు. ఇక మిగిలింది ఆర్‌ఎంపీ. ఆయన చూడకుండానే ఓ ట్యూబు చేతిలో పెడతాడు. ఫంగస్ మందు, బ్యాక్టీరియా మందు, గట్టి స్టెరాయిడ్ అన్నీ కలిపిన ట్యూబు అది. రాయగానే దురద ఆగుతుంది, అందుకే నెలల తరబడి కొని రాస్తూనే ఉంటారు. చర్మం పల్చబడుతుంది, జబ్బు లోపల ముదురుతుంది.

ఈ జిల్లాల్లో నోరు విప్పకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఒకప్పుడు రాష్ట్రంలో హెచ్‌ఐవీ బాగా పాకిన ప్రాంతాల్లో ఇవీ ఉన్నాయి. ఆ రోజులు ఇక్కడి మనుషుల మనసుల్లోంచి ఇంకా పోలేదు. మగవాడికి అక్కడ పుండు పడిందంటే ఊరు ఒక్కటే అనుకుంటుందని వాళ్ల భయం. షుగరు వల్ల వచ్చిన పగులును తప్పుడు తిరుగుడు అనుకుంటారేమోనని కట్టుకున్న భార్యకూ చెప్పరు. ఆ భార్యేమో తెల్లబట్టతో, దురదతో లేడీ డాక్టరు చుట్టూ తిరుగుతుంటుంది. మందు వాడినన్నాళ్లు తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. మీ ఆయన్ని కూడా తీసుకురామ్మా అంటారు డాక్టరమ్మ. ఆయన రాడు.

కుర్రవాళ్ల కథ వేరు. పుట్టినప్పుడు దాదాపు మగపిల్లలందరికీ ముందు చర్మం అంటుకునే ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ దానంతట అదే విడుతుంది, కొందరికి పదిహేను, పదహారేళ్లు కూడా పడుతుంది. మన ఇళ్లలో తలంటు పోసే పెద్దవాళ్లు నూనె రాసి పసివాడి చర్మం బలవంతంగా వెనక్కి లాగుతారు. పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తాడు. దయచేసి ఆ పని మానండి. అప్పుడు చిట్లి కట్టిన మచ్చే పెద్దయ్యాక బిగుతు కావచ్చు. మరికొందరికి ఏ కారణమూ లేకుండానే బిగుతు మిగిలిపోతుంది. నొప్పి లేదు, కడుక్కోవడానికి ఇబ్బంది లేదు, కాపురానికి అడ్డం లేదంటే దానికి ఏ వైద్యమూ అక్కర్లేదు. ఇబ్బంది ఉంటే మాత్రం పెళ్లికి ముందే చూపించుకోవాలి. పెళ్లయ్యాక మొదటి రాత్రుల నొప్పిని మగతనం లోపమని పొరబడి, బస్టాండు గోడ మీద రాత చూసి లాడ్జి గదిలో దిగిన వైద్యుడికి వేలకు వేలు పోసిన పిల్లలు తక్కువమంది కాదు. విజయవాడ డాక్టర్ సమరం గారు దశాబ్దాలపాటు పత్రికల్లో ఇలాంటి ప్రశ్నలకు సిగ్గుపడకుండా జవాబులు రాశారు. ఆ గోడ రాతలు మాత్రం చెరగలేదు.

వైద్యం సంగతికొస్తే, అందరికీ కత్తి అక్కర్లేదు. మచ్చ కట్టకుండా బిగుతు మాత్రమే ఉంటే డాక్టరు చూసి రాసిన స్టెరాయిడ్ లేపనాన్ని, సాధారణంగా 0.05 శాతం బీటామెథసోన్‌ని, బిగుసుకున్న ఆ ఉంగరం మీద మాత్రమే రోజుకు రెండుసార్లు పల్చగా రాసి, నొప్పి పుట్టనంతవరకు నెమ్మదిగా చర్మాన్ని సాగదీయాలి. నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. చాలామందికి ఇంతటితో సరిపోతుంది. ఇందాక తిట్టిన ట్యూబులోనూ స్టెరాయిడే ఉందిగా అంటారేమో. ఉంది. ఫంగస్ ఉండగా స్టెరాయిడ్ రాస్తే అది ఇంకా రెచ్చిపోతుంది. ముందు ఫంగస్ తగ్గాలి, షుగరు అదుపులోకి రావాలి, లేపనానికి గడువుండాలి. చూడకుండా ఇచ్చిన ట్యూబులో ఈ మూడూ ఉండవు.

చర్మం తెల్లగా, పింగాణీలా మారి గట్టిపడితే అది లైకెన్ స్క్లెరోసస్ కావచ్చు. దానికి ఇంకా గట్టి లేపనం కావాలి, తరచూ ఆపరేషనే గతి. అది మూత్రనాళంలోకీ పాకుతుంది. ధార సన్నబడిందంటే ఆలస్యం చేయకూడదు.

ఆపరేషనంటే సున్తీ ఒక్కటే కాదు. మచ్చలేని బిగుతుకు ఆ ఉంగరాన్ని నిలువుగా కోసి అడ్డంగా కుట్టే పద్ధతి ఉంది. చర్మం మిగులుతుంది, కానీ బిగుతు తిరిగి రావచ్చు. కొందరిలో బిగుసుకున్నది చర్మం కాదు, కింద ఉండే సన్నటి తంత్రి. దాన్ని సవరిస్తే చాలు. మచ్చ కట్టినవాళ్లకు, పదే పదే చీము పట్టేవాళ్లకు సున్తీయే సరైన దారి. అంగం మొదట్లో మత్తు సూది ఇచ్చి చేస్తారు, సాధారణంగా ఆ రోజే ఇంటికి పంపుతారు. కుట్లు రెండు మూడు వారాల్లో వాటంతటవే రాలిపోతాయి. మొదటి వారం రాత్రుళ్లు నిద్రలో అంగం గట్టిపడినప్పుడు కుట్లు లాగి మెలకువ వస్తుంది. ఈ సంగతి ముందే చెబితే మనిషి బెదిరిపోడు. లుంగీ కట్టుకుని రెండు వారాలు బైకు, ట్రాక్టరు, చేలో మందు కొట్టే పని మానాలి. ఆరు వారాలపాటు కాపురానికి దూరంగా ఉండాలి. పత్తి తీతలయ్యాక చూద్దాం, మిర్చి అమ్మాక చూద్దాం అని ఏళ్లు దాటేస్తారుగానీ పని పోయేది ఆ రెండు వారాలే. లేజరా, స్టేప్లరా అన్న హోర్డింగుల పోటీ కంటే, అసలు నాకు కొయ్యాల్సిన అవసరం ఉందా అన్నదే రోగి అడగాల్సిన మొదటి మాట.

సున్తీ అనగానే మతం గుర్తొచ్చి వెనక్కి తగ్గే హిందూ, క్రైస్తవ రైతులున్నారు. ఒకప్పుడు మన పల్లెల్లో దూది ఏకిన నూర్‌బాషా ముస్లింల ఇళ్లల్లో మగపిల్లలకు అది చిన్ననాటి ఆచారం. డాక్టరు చేసేది మాత్రం జబ్బు చర్మం తీయడం. అపెండిక్స్ తీయించుకున్నవాడి మతం మారదు, ఇదీ అంతే. మగతనం తగ్గుతుందన్న భయానికీ ఆధారం లేదు. కెన్యాలోని కిసుములో 18 నుంచి 24 ఏళ్ల 2,784 మందిపై జరిగిన పరిశోధనలో సున్తీ చేయించుకున్నవాళ్లకు లైంగిక సామర్థ్యం తగ్గలేదని 2008లో ప్రకటించారు.

ఒకటి మాత్రం రాత్రికి రాత్రే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన సంగతి. వెనక్కి లాగిన బిగుతు చర్మం ముందుకు రాకుండా అంగం గుండు వెనక ఇరుక్కుపోవడం. ముందు భాగం ఉబ్బి నల్లబడుతుంది, గంటలు గడిస్తే కండ చచ్చిపోతుంది. మంచాన పడ్డ పెద్దాయనకు మూత్రం గొట్టం వేసి, చర్మాన్ని మళ్లీ ముందుకు జరపడం మరిచిపోయినప్పుడు కూడా ఇలా జరుగుతుంది. కాబట్టి పక్కనున్న కొడుకులు చూసుకోవాలి.

ఇక క్యాన్సర్. ముందు చర్మం బిగుసుకుని లోపల మురికి, వాపు ఏళ్ల తరబడి ఉండిపోయిన మగవాళ్లలో అంగానికి క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఎక్కువ. పొగ తాగడం దానికి తోడు. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉంది, ప్రకాశం పొగాకు నేల, ఇక్కడ చుట్ట, బీడీ ఎవరికీ కొత్త కాదు. మూసుకున్న చర్మం కింద పుండు కంటికి కనపడదు. దుర్వాసన, రక్తం మరకలు, చేతికి తగిలే గడ్డ, వీటిలో ఏది కనిపించినా వారం కూడా ఆగకూడదు. తొలి దశలో చర్మం వరకో, కొద్ది భాగం వరకో తీస్తే బతుకు నిలబడుతుంది. ఆలస్యమైతే అంగం మొత్తం పోతుంది, గజ్జల్లోకి పాకుతుంది. ఇలాంటి రోగి ఇంటికి దూరంగా వెళ్లనక్కర్లేదు, గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్) ఆవరణలో నాట్కో క్యాన్సర్ కేంద్రం ఉంది. పెద్దవయసులో సున్తీ చేయించుకున్నవాళ్లు, ముఖ్యంగా చర్మం తెల్లబడో పుండు పడో ఉన్నవాళ్లు, తీసిన ముక్కను బయాప్సీకి పంపమని గట్టిగా అడగాలి. రిపోర్టు కాగితం షుగరు ఫైలులో పెట్టుకుని, తర్వాతిసారి వెళ్లినప్పుడు డాక్టరుగారి బల్ల మీద విప్పి చూపించాలి.