లెక్క తప్పింది ఆఫీసు... కట్టాల్సింది కామాటా?



మా పెద్దమ్మ ఆశ్రమ పాఠశాలలో కామాటిగా చేసి రిటైరైంది. ఇరవై ఏళ్ళకు పైగా మన పిల్లల గదులు ఊడ్చింది, గిన్నెలు తోమింది. రిటైరైన ఏడు నెలలకు నోటీసొచ్చింది. ఎప్పుడో ఇంక్రిమెంటు తప్పుగా వేశారట. ఎనిమిదేళ్ళు జీతం ఎక్కువ పోయిందట. 74 వేలు తిరిగి కట్టాలట, లేకుంటే గ్రాట్యుటీలో పట్టుకుంటారట.

"నేనేం దొంగతనం జేసిన బిడ్డా?" అని ఏడ్చింది. మేకలు అమ్ముదామంది.

నేనడుగుతున్నా. జీతం లెక్క కట్టింది పెద్దమ్మనా? బిల్లు మీద సంతకం పెట్టింది పెద్దమ్మనా? ఎనిమిదేళ్ళు ఆ తప్పు చూడని ఆఫీసరుకు ఏ నోటీసూ లేదు. ఏమీ తెలియని కామాటికి మాత్రం నోటీసు! మన తాతలు షావుకారు చిట్టా చదవలేక, చెప్పిందే అప్పు అనుకుని భూములు పోగొట్టుకున్నరు. ఇప్పుడు చిట్టా మారింది, ముద్ర మారింది. మన భయం మాత్రం మారలేదు.

చట్టం ఏమంటుందో వినండి. పంజాబ్ ప్రభుత్వం, రఫీక్ మసీహ్ కేసులో 2014 డిసెంబర్ 18న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. గ్రూప్-సి, గ్రూప్-డి ఉద్యోగుల దగ్గర, రిటైరైనవాళ్ళ దగ్గర, ఏడాదిలోపు రిటైరయ్యేవాళ్ళ దగ్గర పొరపాటున ఇచ్చిన జీతం తిరిగి వసూలు చేయకూడదు. ఐదేళ్ళు దాటి ఎక్కువ ఇస్తూ వచ్చినా అంతే. అది దయ కాదు. చిన్న ఉద్యోగి ఆ డబ్బు ఇంటి ఖర్చుకే వాడేసి ఉంటాడన్న న్యాయం.

అయితే ఒక మెలిక ఉంది. ఎక్కువొస్తే తిరిగి కడతానని ముందే రాసిచ్చిన అధికారి దగ్గర వసూలు చేయొచ్చని 2016లో అదే కోర్టు అన్నది. అందుకే చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు, వేలిముద్ర వేయొద్దు.

ప్రైవేటు కంపెనీలో చేసినవాళ్ళకు ఈ తీర్పు నేరుగా వర్తించదు. 1872 కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ ప్రకారం పొరపాటున వచ్చిన డబ్బు తిరిగివ్వాల్సిందే. నిజంగా ఎక్కువొస్తే ఇద్దాం, మనం ఎగ్గొట్టే జాతి కాదు. కానీ ఏ నెల, ఎంత, ఎట్లనో రాతపూర్వకంగా లెక్క అడుగుదాం. మనకు రావాల్సిన బకాయి అందులో తగ్గించమందాం. మిగిలింది వాయిదాల్లో కడదాం. ఫోన్‌లో బెదిరిస్తే కట్టొద్దు.

ప్రభుత్వ నోటీసైతే సమాచార హక్కు కింద సర్వీసు రిజిస్టరు నకలు అడగండి. తీర్పు పేరు రాసి జవాబివ్వండి, రశీదు తీసుకోండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో షెడ్యూల్డ్ తెగలవాళ్ళకు వకీలు ఉచితం. ఆదాయంతో పని లేదు.

పెద్దమ్మ తరఫున జవాబు నేనే రాసిన. ఆఫీసు నుంచి ఇంకా ఉలుకూ పలుకూ లేదు. మేకలు మాత్రం దొడ్లోనే ఉన్నయి.

డిగ్రీ చదివిన ప్రతి తమ్ముడూ, చెల్లీ తన గూడెంలో ఒక్క నోటీసైనా చదివి పెట్టాలి. మన చదువు అందుకు కూడా పనికిరాకపోతే ఇంకెందుకు?

జై ఆదివాసీ!