ఏడాది తీరిక ఎవరిస్తారు?



మన హాస్టలు వార్షికోత్సవం వచ్చిందంటే వేదిక మీద పెద్దలు తప్పకుండా ఒక మాట చెబుతారు. ఈ హాస్టలు నుంచి ఇంతమంది టీచర్లయ్యారు, ఇంతమంది నర్సులయ్యారు, ఇంతమంది ఇంజనీర్లయ్యారు అంటారు. ఆ మాట వింటే మన గుండెలు పొంగుతాయి. పొంగాలి కూడా. కానీ ఆ లెక్కలో "ఇంతమంది నవలలు రాశారు" అనే మాట మాత్రం నేను ఇంతవరకు వినలేదు. మనలో రాసేవాళ్లు లేరా? గోడపత్రిక నిండా ఉన్న కవితలు ఎవరివి? రాత్రి పది దాటాక వరండా లైటు కింద కూర్చుని నోటుబుక్కులు నింపేది ఎవరు? రాసే చేతులు మనకున్నాయి. లేనిది మరొకటి. అదేమిటో చెప్పాలంటే ముందుగా ఒక క్రిస్మస్ సంగతి చెప్పాలి. అది మన పల్లెలో జరిగింది కాదు, అమెరికాలో జరిగింది. ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతూ తెలుసుకున్నాను.

1956 సంవత్సరం. హార్పర్ లీ అనే ముప్పై ఏళ్ల అమ్మాయి న్యూయార్క్‌లో ఒక విమాన సంస్థలో టికెట్లు రిజర్వు చేసే ఉద్యోగం చేస్తోంది. సొంత ఊరు అలబామా రాష్ట్రంలోని మన్రోవిల్. తండ్రి లాయరు. తను కూడా లా చదువుతూ మధ్యలోనే మానేసి, రచయిత్రి కావాలని 1949లో న్యూయార్క్ వచ్చేసింది. పగలంతా ఉద్యోగం, మిగిలిన వేళల్లో రాత. అలా ఏడేళ్లు గడిచినా ఒక్క నవల కూడా పూర్తి కాలేదు. క్రిస్మస్‌కు ఇంటికి వెళదామంటే సెలవు దొరకదు. తాతగారి ఇల్లు, ఇంటినిండా చుట్టాలు, పిల్లల గోల తలుచుకుని దిగులుపడేది.

ఆ ఊళ్లో ఆమెకు మైకేల్ బ్రౌన్, జాయ్ బ్రౌన్ అనే దంపతులు స్నేహితులు. ఆయన పాటలు రాసి బాణీలు కట్టేవాడు. ఇద్దరు చిన్న మగపిల్లలు. ఆ ఏడు క్రిస్మస్ వాళ్లింట్లోనే జరుపుకుంది. వాళ్ల మధ్య ఒక సరదా పందెం ఉండేది. ఎవరు తక్కువ ఖర్చుతో మంచి కానుక తెస్తారా అని! ఆమె మైకేల్ కోసం 35 సెంట్లు పెట్టి ఒక పాత రచయిత బొమ్మ కొని తెచ్చింది. అందరి కానుకలూ విప్పారు గాని ఆమెకు మాత్రం ఏమీ రాలేదు. మనసు చిన్నబుచ్చుకునేలోగా, "నిన్ను మరిచిపోలేదు, చెట్టు మీద చూడు" అన్నారు. క్రిస్మస్ చెట్టు కొమ్మల్లో ఒక తెల్ల కవరు. అందులో ఉన్న కాగితం సారాంశం ఇది: ఒక సంవత్సరం ఉద్యోగం మానెయ్, నీకిష్టమైనది రాసుకో, ఖర్చు మాది.

ఆ ఏడు మైకేల్‌కు ఒక సంగీత కార్యక్రమం వల్ల కాస్త ఎక్కువ డబ్బు వచ్చింది. వాళ్లేమీ కోటీశ్వరులు కారు. ఇద్దరు పిల్లలున్నవాళ్లు ఇంత సాహసం చేస్తారా అని ఆమె భయపడితే, నీ మీద మాకు నమ్మకముందన్నారు. ఆమె ఉద్యోగం మానేసి రాయడం మొదలుపెట్టింది. 1957లో రాతప్రతి ప్రచురణకర్తల దగ్గరికి చేరింది. తర్వాత రెండేళ్లకు పైగా దాన్ని తిరగరాసింది. 1960 జూలైలో "టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్" నవల వచ్చింది. 1961లో పులిట్జర్ బహుమతి పొందింది. ఈనాటికి కోట్ల ప్రతులు అమ్ముడుపోయింది. ఆ క్రిస్మస్ గురించి ఆమె 1961లో ఒక పత్రికలో తనే రాసుకుంది.

మిత్రులారా, ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ కవరులో ఉన్నది తెలివి కాదు, అది ఆమెకు ముందే ఉంది. పొగడ్త కూడా కాదు, అది ఎవరైనా ఇస్తారు. ఆ కవరులో ఉన్నది తీరిక. ఏడేళ్లలో కానిది ఆ తీరిక దొరికాక అయింది.

నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. ఆ నవలలో టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి కూలివాడి మీద చేయని నేరం మోపుతారు. లాయరు అతని పక్షాన నిలబడి వాదించినా జ్యూరీ నేరస్థుడనే తేలుస్తుంది. చదువుతుంటే కళ్లు చెమరుస్తాయి. అయితే ఈ కథంతా మనకు చెప్పేది లాయరుగారి కూతురు. టామ్ భార్య హెలెన్ ఆ రాత్రుళ్లు ఎలా గడిపిందో, పిల్లలకు ఏం చెప్పిందో మనకు తెలియదు. హెలెన్ తనే చెప్పి ఉంటే అది ఇంకో నవల అయ్యేది. కానీ హెలెన్ లాంటివాళ్ల చెట్టు మీద తెల్ల కవరు ఎవరు పెట్టారు?

అదే అలబామాలో 1891లో పుట్టిన నల్లజాతి రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్. ఈటన్‌విల్ అనే ఊళ్లో పెరిగింది. పెద్ద చదువు చదివాక మళ్లీ తన ఊరికే వచ్చి, కొట్టు అరుగు మీద కూర్చుని జనం చెప్పుకునే కథలు సేకరించి 1935లో పుస్తకంగా వేసింది. 1936లో ఆమెకు గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ దొరికింది. ఆ డబ్బుతో హైతీ దేశంలో ఉండగా ఏడు వారాల్లో ఒక నవల రాసేసింది. 1937లో వచ్చిన ఆ నవల "దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్". ఇవాళ దాన్ని యూనివర్సిటీల్లో పాఠంగా చెబుతున్నారు. తీరిక ఉన్నప్పుడు ఏడు వారాలే పట్టింది! ఆ తర్వాత ఆ తీరిక నిలవలేదు. 1950లో ఆ రచయిత్రి ఒకరింట్లో పనిమనిషిగా చేరింది. 1960 జనవరిలో ఫ్లోరిడాలో ప్రభుత్వ సంక్షేమ గృహంలో చనిపోయింది. సమాధి మీద పేరు కూడా లేదు. 1973లో ఆలిస్ వాకర్ అనే రచయిత్రి వెతుక్కుంటూ వెళ్లి రాయి వేయించింది. జోరా చనిపోయిన ఆ 1960లోనే హార్పర్ లీ నవల వచ్చింది. ఇద్దరూ అలబామాలో పుట్టినవాళ్లే. ఒకరికి అవసరమైనప్పుడు కవరు అందింది. రెండోవారికి మలివయసులో అందలేదు.

ఇది మన కథ కూడా. మన గురించి తెలుగులో వచ్చిన గొప్ప నవల "మాలపల్లి" 1922 నాటిది. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైల్లో ఉండి రాశారు. ఆనాటి ప్రభుత్వం దాన్ని నిషేధించింది కూడా. ఆయనకు మనం ఎప్పుడూ రుణపడి ఉంటాం. కానీ అది మన వాడకు వచ్చి చూసిన మంచి మనిషి రాసిన పుస్తకం. మన వాడలో పుట్టినవాళ్లు కలం పట్టాక జాషువా, బోయి భీమన్న, కొలకలూరి ఇనాక్ వంటి మహనీయులు మన మాట మనమే చెప్పగలమని నిరూపించారు. జాషువా గారు పొట్టకూటికి మూకీ సినిమాలకు కథ చదివి వినిపించే పని కూడా చేశారు. అంత కష్టంలోనూ వాళ్లు రాశారు కదా, మీరెందుకు రాయరు అని కొందరు అడుగుతారు. నా సమాధానం ఒక్కటే. కష్టపడి రాసి నిలబడినవాళ్ల పేర్లు మనకు తెలుసు. రాయలేక ఆగిపోయినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు.

ఇప్పుడు మన సెలవుల సంగతికి వద్దాం. మా వైపు క్రిస్మస్‌కు ఇంటి మీద స్టారు కడితే సంక్రాంతి వెళ్లేదాకా దించరు. నవల రాయాలనుకునే అమ్మాయి ఆ రోజుల్లో ఇంటికి వెళితే ఏమవుతుంది? నా సంగతే చెబుతాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదటిదాన్ని. మా అమ్మమ్మ జీవితం మీద ఒక నవల రాయాలని నా కోరిక. సెలవులకు తెల్లకాగితాల పుస్తకం తీసుకుని వెళతాను. తెల్లారేసరికి మిరపకాయ కోతకు ముఠా బయలుదేరుతుంది. అమ్మ ఒక్కతే వెళుతుంటే ఇంట్లో ఎలా కూర్చుంటాను? సాయంత్రం వచ్చాక చేతులు మంటలు. పెన్ను పట్టుకుంటే మంట, కళ్లు నలుపుకుంటే ఇంకా మంట. తర్వాత వంట, అంట్లు. పండగ పేరుతో వచ్చిన చుట్టాలు మా అమ్మను అడిగే ప్రశ్న ఒక్కటే: "పిల్లకు ఇరవై మూడొచ్చినయ్యి, ఇంకెప్పుడు చేస్తావే పెళ్లి?" నా పుస్తకం చూసి మా మేనత్త, "పరీక్షలైపోయినయ్యిగా, ఇంకా ఏం రాత్తన్నావే?" అంటుంది. స్నేహితురాళ్లు వస్తే గ్రూప్స్ నోటిఫికేషన్ కబుర్లు. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. వాళ్ల ప్రేమలో నాకు ఏ లోటూ లేదు. తీరికే లోటు.

అయినా సెలవులు వృథా అని నేననను. నవలకు కావలసిన సరుకంతా అక్కడే ఉంది. మిరప చేలో మడవ వెంట నడుస్తూ ఆడవాళ్లు చెప్పుకునే కథలు ఏ లైబ్రరీలోనూ దొరకవు. కూలి రేటు కోసం మా అమ్మమ్మ వయసువాళ్లు ఆసామితో ఎలా వాదించారో, కరువొచ్చిన ఏడు ఏం తిన్నారో, ఎవరి పెళ్లికి ఎవరు మేళం కట్టారో వాళ్లకే తెలుసు. వాళ్లు పోతే ఆ కథలూ పోతాయి. కాబట్టి చెల్లెళ్లూ, ఇంటికి వెళ్లినప్పుడు సిగ్గుపడకుండా అడగండి. విన్నది రాత్రి నాలుగు ముక్కలైనా రాసి పెట్టుకోండి, ఫోనులోనైనా రికార్డు చేసుకోండి. జోరా చేసింది అదే. అయితే సరుకు పోగుచేయడం ఒకటి, నవల కట్టడం ఒకటి. ఇటుకలు పోగేసినంత మాత్రాన ఇల్లు కాదు. కట్టడానికి వరసగా రోజులు కావాలి.

"ముందు ఉద్యోగం, తర్వాత నవల" అని పెద్దలు చెబుతారు. ఆ మాటలో న్యాయం ఉంది. మన జీతం మీద ఆధారపడే కడుపులు ఇంట్లో ఉంటాయి. నేను కూడా ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నాను. కానీ ఉద్యోగం వచ్చాక తమ్ముడి చదువు, చెల్లి పెళ్లి, ఇంటి అప్పు, ఆ తర్వాత మన సంసారం. మొదటి తరం చదువుకున్నవాళ్లకు "తర్వాత" అనేది అంత తేలిగ్గా రాదు. అందుకే ఇది ఒక్కొక్కరి పట్టుదలకు వదిలేసే విషయం కాదని నా అభిప్రాయం.

ప్రభుత్వం ఏమీ చేయలేదని కాదు. సాహిత్య అకాడమీ 2011 నుంచి 35 ఏళ్లలోపు వారికి యువ పురస్కారం ఇస్తోంది. అది పుస్తకం అచ్చయ్యాక వచ్చేది. 2021లో కేంద్ర ప్రభుత్వం 30 ఏళ్లలోపు రచయితల కోసం ఒక పథకం ప్రకటించింది. 75 మందికి ఆరు నెలలపాటు నెలకు 50,000 రూపాయలు. మంచి పథకమే. కానీ దేశం మొత్తానికి 75 మంది. పైగా స్వాతంత్ర్యోద్యమం అని విషయం కూడా ముందే నిర్ణయించారు. బ్రౌన్ దంపతుల కాగితంలో "నీకిష్టమైనది" అని ఉంది. మన అమ్మమ్మల కథకు కావలసింది ఆ స్వేచ్ఛే.

అందువల్ల నేను మూడు విన్నపాలు చేస్తున్నాను.

మొదటిది, హాస్టలు అధికారులకు. సంక్రాంతి, దసరా, వేసవి సెలవుల్లో హాస్టలు మూసేటప్పుడు, రాసుకోవడానికి ఉంటామని అడిగే పెద్ద తరగతుల పిల్లల కోసం ఒక గది, ఒక లైటు, రెండు పూటల భోజనం ఉంచే మార్గం ఆలోచించండి. పండగ మూడు రోజులూ ఇంట్లో ఉండి, మిగతా రోజులు ఇక్కడ రాసుకుంటారు.

రెండోది, పూర్వ విద్యార్థులకు. మీరు ప్రతి ఏటా షీల్డులు, శాలువాలు ఇస్తున్నారు. సంతోషం. వందమంది పూర్వ విద్యార్థులు నెలకు వంద రూపాయలు వేస్తే నెలకు పదివేలు, ఏడాదికి లక్షా ఇరవై వేలు అవుతుంది. ఆ డబ్బుతో చదువు పూర్తిచేసిన ఒక అమ్మాయికో అబ్బాయికో ఏడాది తీరిక ఇవ్వవచ్చు. ఇంటికి కొంత పంపి, తను కొంత తిని రాసుకుంటుంది. విషయం మీరు చెప్పవద్దు. నవల బాగా రాకపోతే అని భయపడవద్దు. కోచింగుకు వెళ్లిన వాళ్లందరికీ ఉద్యోగాలు రావడం లేదు కదా! అయినా కోచింగుకు సాయం చేస్తూనే ఉన్నాం.

మూడోది, మన ఇళ్లవాళ్లకు. ఈ సంచిక మీ పిల్లలు మీకు చదివి వినిపిస్తారని ఆశ. సెలవులకు వచ్చిన పిల్ల రాత్రిపూట ఒక గంట పుస్తకం ముందు కూర్చుంటే "ఏం రాత్తన్నావు" అని అడగండి, తప్పులేదు. అడిగాక ఆ గంట మాత్రం అంట్లు మీరు తోమండి. మా అమ్మ గత సంక్రాంతికి అదే చేసింది. ఆ ఒక్క గంటలో నేను రాసుకున్నది నాలుగు పేజీలు. వాటిలో ఉన్నది వాళ్లమ్మ కథే.

వచ్చే వార్షికోత్సవం నాటికి వేదిక మీద లెక్క చెప్పేటప్పుడు టీచర్లు, నర్సులు, ఇంజనీర్ల తర్వాత ఇంకొక మాట చేరాలి. "ఈ ఏడాది మన హాస్టలు ఒకరికి రాసుకోవడానికి ఏడాది తీరిక ఇచ్చింది" అని. ఆ పేరు నాదే కానక్కరలేదు. మీలో ఎవరిదైనా సరే, మొదటి వంద రూపాయలు నేనిస్తాను.