వాళ్ళదైతే ప్యాకేజీ, మనదైతే భారమా?

ఊళ్ళో టీ అంగడి కాడ ఒకడు పేపరు చదువుతాడు, పదిమంది వింటారు. ఉద్యోగుల జీతాలకే ఖజానా ఖాళీ అయిపోతోందని పెద్దక్షరాల్లో పడిందనుకోండి. చెనిక్కాయ ఎండిపోయిన రైతుకూ, బెంగళూరులో సిమెంటు మోసి వచ్చిన కూలికీ కడుపు మండుతుంది. మండడంలో తప్పు లేదు. కానీ ఆ మంటను ఎవరి మీదికి తోలుతున్నారో చూడాల. ఈ మాటలు రాస్తున్నది సర్కారు జీతం తీసుకునే బడిపంతులే. ఆ సంగతి దాచడం లేదు.

డబ్బు ఒకటే, పేర్లు రెండు. సర్కారు కొలువుకిస్తే భారం. కంపెనీ పెద్దకిస్తే ప్యాకేజీ. కూలికిచ్చే సబ్సిడీ తాయిలం. ఫ్యాక్టరీకిచ్చే రాయితీ ప్రోత్సాహకం. ఈ పేర్లు పెట్టింది ఎవరు?

2022 జనవరి 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 11వ పీఆర్సీ ఫిట్‌మెంట్ 23.29 శాతమని ప్రకటించింది. అప్పటికే ఉద్యోగులు 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటున్నారు. ఉన్నదాంట్లోనే కోత పడింది. ఫిబ్రవరి 3న వేలమంది విజయవాడకు కదిలారు. సర్కారు చెప్పిన లెక్క మాత్రం ఏటా 10,247 కోట్ల అదనపు భారం. ఆ అంకె చూపించి కొన్ని పేపర్లు ఉద్యోగుల్ని తిట్టాయి. కొన్ని వెనకేసుకొచ్చాయి. ఎందుకు? ఏ పేపరు ఏ పార్టీదో మన ఊళ్ళో పిల్లోణ్ణి అడిగినా చెప్తాడు. గద్దె మీద మనిషి మారితే పేపరు మాటా మారుతుంది. కూలి పక్షాన నిలబడే పేపరు యాడుంది?

ఇంకో లెక్క చూద్దాం. 2016 నుంచి అమలైన కేంద్ర ఏడో వేతన సంఘం ప్రకారం అట్టడుగు మూలవేతనం 18,000, పైమెట్టు 2,50,000. తేడా దాదాపు 14 రెట్లు. 2021-22లో ఇన్ఫోసిస్ కంపెనీ సీఈఓకు వచ్చింది దాదాపు 71 కోట్లు. షేర్ మార్కెట్‌లో నమోదైన ప్రతి కంపెనీ తన డైరెక్టర్ల జీతం నడిమి ఉద్యోగి జీతానికి ఎన్ని రెట్లో ఏటా చెప్పాలని 2013 కంపెనీల చట్టం అంటుంది. పెద్ద కంపెనీల్లో అది వందల రెట్లు పలుకుతుంది. ఆ అంకెను మొదటి పేజీలో ఎన్నిసార్లు చూశారు?

సర్కారు జీతాలంటే పేపరోళ్ళకు గుర్తొచ్చేది ఆఫీసరు కారు. మన వాడల నుంచి పోయి అంగన్‌వాడీ నడిపే అక్క గుర్తుకు రాదు. ఆమె తీసుకునేది జీతం కూడా కాదంట, గౌరవ వేతనమంట! 11,500 రూపాయల మీద పెంచమని 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు. 2024 జనవరిలో వాళ్ళ మీద ఎస్మా పెట్టారు. జీతం ఇచ్చేటప్పుడు ఉద్యోగి కాదు, సమ్మె చేస్తే అత్యవసర ఉద్యోగి! ఒకే పనికి ఒకే జీతం ఇవ్వాలని, తాత్కాలిక ఉద్యోగులకూ అది వర్తిస్తుందని 2016 అక్టోబర్ 26న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు మన మున్సిపాలిటీలో చీపురు పట్టిన తమ్ముడికి ఎవరైనా చదివి వినిపించారా?

రాసేవాళ్ళ సంగతి కూడా చెప్పుకుందాం. విలేకరుల జీతాల కోసం మజీఠియా వేతన బోర్డు సిఫార్సులు 2011లో నోటిఫై అయ్యాయి. యజమానులు కోర్టుకెక్కారు. 2014 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ సిఫార్సులే చెల్లుతాయంది. అయినా మన మండల విలేకరి ఇప్పటికీ లైన్ అకౌంట్ మీద బతుకుతున్నాడు. తన పనోడికి జీతం ఎగ్గొట్టే యజమాని ఖజానా గురించి కన్నీళ్ళు కారుస్తాడు! 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ చేసిన సర్వేలో 121 పెద్ద సంపాదక పదవులు లెక్కపెడితే 106 అగ్రవర్ణాల చేతిలో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు. భారమనే పేరు ఎవరు పెట్టారో ఇప్పుడు తెలిసిందా?

ఇందులో మన పిల్లల బతుకుంది. రాజ్యాంగం 16(4) అధికరణం రిజర్వేషన్ ఇచ్చింది సర్కారు కొలువులోనే. ప్రైవేటులో లేదు. భారం భారమని నూరిపోస్తే ఖాళీ అయిన పోస్టు నిండదు. ఆ పని ఔట్‌సోర్సింగ్ కాంట్రాక్టరుకు పోతుంది. డిగ్రీ చదివిన మాదిగ పిల్ల, మాల పిల్లోడు అదే ఆఫీసులో సగం జీతానికి, రేపు ఉంటుందో లేదో తెలియని పనికి కుదురుతారు. మిగిలిన సొమ్ము ఉపాధి కూలికి చేరిందా? ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది. 2025-26లో కూడా రోజుకూలి 307 రూపాయలే.

బడికి రాని పంతుల్ని నిలదీయండి. లంచం అడిగే గుమస్తాను పట్టుకోండి. అది మన హక్కు. పని అడగడం వేరే, జీతం కోయమనడం వేరే. పక్కోడి జీతం తగ్గితే మన కూలి పెరగదు.

ప్రతి సంఘం ఈ పక్షంలో రెండు పనులు చేయాల. ఒకటి, మీ మండలంలో ప్రతి ఆఫీసులో ఖాళీ పోస్టులెన్ని, అందులో ఎస్సీ, ఎస్టీలవి ఎన్ని, ఔట్‌సోర్సింగ్ వాళ్ళకు ఇచ్చేదెంత అని 2005 సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. రెండు, వచ్చిన జవాబు మండల విలేకరికి ఇవ్వండి. అతనూ మనలాంటి కూలోడే. అతని పేపరు వేయకపోతే గోడ మీద రాయండి. 1920లో అంబేద్కర్ మూక్‌నాయక్ పెట్టింది ఇందుకే. మన లెక్క మనమే రాసుకోవాల.